ఆరు తీగల లెక్క: ఎలక్ట్రిక్ గిటార్ సాఫ్ట్‌వేర్‌పై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కీబోర్డు ముందు కూర్చొని ఎలక్ట్రిక్ గిటార్ వాయించాలనుకునేవారి నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహం ఉన్నవాటిని కలిపి ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కొంచెం పొడవైంది. మిగిలినవారు కూడా ముందు దాన్ని చదివితే తమ జవాబులు సులువుగా అర్థమవుతాయి.

ప్రశ్న: చర్చి సంగీత బృందంలో పదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. ఈమధ్య ఇంట్లోనే పాటలు రికార్డు చేయడం మొదలుపెట్టి, ఒక గిటార్ శాంపిల్ లైబ్రరీ (నిజమైన గిటార్ స్వరాలను రికార్డు చేసి పెట్టిన సాఫ్ట్‌వేర్) కొన్నాను. ఒక్కొక్క స్వరం విడిగా వింటే అచ్చం గిటార్‌లాగే ఉంటుంది. డిస్టార్షన్‌తో రెండు మూడు స్వరాలు కలిపి కార్డ్ పట్టగానే మాత్రం హార్మోనియం మీద తేనెటీగలు ముసిరినట్టు వినిపిస్తోంది. ఆంప్ ప్లగిన్లు (ఆంప్లిఫయర్ పని చేసే సాఫ్ట్‌వేర్లు) నాలుగు మార్చి చూశాను. లోపం లైబ్రరీదా, ఆంప్‌దా, నాదా? (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మూడింటిలోనూ కొంచెం కొంచెం ఉంది గానీ, ఆంప్‌లో అన్నిటికన్నా తక్కువ ఉంది. అయిదో ఆంప్ కొనే ఆలోచన ఉంటే ప్రస్తుతానికి మానుకోండి.

నిజమైన ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆరు తీగల కంపనాలూ ఒకే పికప్ (కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగం) మీదుగా ఒకే కేబుల్‌లోకి చేరి, ఒకే ఆంప్‌లోకి వెళ్తాయి. ఎన్ని తీగలు మోగుతున్నాయో ఆంప్‌కు తెలియదు. దానికి అందేది అన్నీ కలిసిపోయిన ఒకే ఒక అల. ఆ అల శిఖరాలను అది నరికివేస్తుంది, ఆ నరకడాన్నే మనం డిస్టార్షన్ అంటున్నాం. ఒకే స్వరాన్ని ఇలా నరికితే దాని హార్మోనిక్స్ (ఆ స్వర పౌనఃపున్యానికి రెట్లుగా ఉండే పై ధ్వనులు) పెరుగుతాయి, అంతే. రెండు స్వరాలు కలిసిన అలను నరికితే, వాటి హార్మోనిక్స్‌తో పాటు ఆ రెండు పౌనఃపున్యాల మొత్తాలూ తేడాలూ కూడా కొత్త ధ్వనులుగా పుడతాయి. 220 హెర్ట్జ్ ఉన్న ఏ (A) స్వరాన్నీ, దానికి పంచమంగా 329.6 హెర్ట్జ్ ఉన్న ఈ (E) స్వరాన్నీ కలిపి మీటారనుకోండి; వాటి తేడా 109.6, అంటే ఇంచుమించు 110 హెర్ట్జ్. అది మీరు మీటిన షడ్జానికి కింది స్థాయి షడ్జం. ఎవరూ మీటకుండానే అది మోగుతుంది. పవర్ కార్డ్‌కు (షడ్జం, పంచమం మాత్రమే ఉండే కార్డ్‌కు) ఉండే బరువులో చాలా భాగం ఈ మీటని స్వరం ఇచ్చేదే.

కొన్ని లైబ్రరీలలో ప్రతి స్వరాన్నీ డిస్టార్షన్ పెట్టిన తరువాతే రికార్డు చేసి ఉంచుతారు. అలాంటి లైబ్రరీలో మీరు కార్డ్ పట్టినప్పుడు, ముగ్గురు గిటారిస్టులు మూడు ఆంప్‌లు పెట్టుకొని తలా ఒక్క స్వరం వాయించినట్టు అవుతుంది. స్వరాలు పక్కపక్కన నిలబడతాయి తప్ప ఒకదానిలో ఒకటి కలవవు. మీరు చెప్పిన హార్మోనియం ఛాయ అక్కడిదే. కాబట్టి మొదట లైబ్రరీ లోపలి ఆంప్, ఎఫెక్టులు అన్నీ ఆపి ఒక స్వరం నొక్కి చూడండి. పలచగా, నిర్జీవంగా, ఆంప్‌కు తగిలించకుండా మీటిన ఎలక్ట్రిక్ గిటార్‌లా వినిపిస్తే సంతోషించండి, అదే కావలసింది. దాన్ని డీఐ ధ్వని అంటారు. అన్నీ ఆపిన తరువాత కూడా గరగర పోలేదంటే ఆ లైబ్రరీ ఒంటి స్వరాల లీడ్‌కు పనికివస్తుంది గానీ కార్డ్‌లకు పనికిరాదు. డీఐ ధ్వని ఇచ్చే లైబ్రరీలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. ష్రెడేజ్, ఆంపుల్ గిటార్, రియల్‌ఎల్‌పీసీ వంటివన్నీ లోపలి ఆంప్‌ను ఆపుకొనే వీలు ఇస్తాయి. ఆ డీఐ ధ్వనిని ట్రాక్ మీద పెట్టిన ఒకే ఆంప్ ప్లగిన్‌లోకి పంపండి.

ఇక మీ చేతికి అలవాటైన సంగతి. కీబోర్డు మీద కార్డ్ అనగానే మనకు సా గా పా మూడూ పడతాయి. 220 హెర్ట్జ్ షడ్జానికి సమవిభజన శ్రుతిలో (స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసిన కీబోర్డు శ్రుతిలో) అంతర గాంధారం 277.2 దగ్గర ఉంటుంది. ఈ రెండింటి తేడా 57.2. షడ్జానికి రెండు స్థాయిల కింద ఉండేది 55. అంటే కొత్తగా పుట్టిన ధ్వని షడ్జంలో కలవదు, అలాగని దూరంగానూ పోదు, పక్కనే నిలబడి గొడవ పెడుతుంది. కీబోర్డులోని గాంధారం సహజమైన గాంధారం కంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువగా ఉండటమే దీనికి కారణం. క్లీన్ ధ్వనిలో ఈ తేడాను చెవి క్షమిస్తుంది. డిస్టార్షన్ దాన్ని భూతద్దంలో చూపిస్తుంది. అందుకే గట్టి డిస్టార్షన్‌తో వాయించే గిటారిస్టులు గాంధారాన్ని వదిలి సా, పా, పై సా మాత్రమే పడతారు. మీ కార్డ్‌లో గాంధారం తప్పనిసరి అయితే దాన్ని వేరే ట్రాక్ మీద, వేరే ఆంప్‌లోకి, తక్కువ గెయిన్‌తో (డిస్టార్షన్ మోతాదుతో) పంపండి. స్టూడియోలలో గిటారిస్టులు కూడా అవసరమైతే కార్డ్‌ను ఇలాగే ముక్కలుగా రికార్డు చేస్తారు.

తేనెటీగల మోత మాత్రం వేరే చోటిది. గిటార్ క్యాబినెట్‌లో (స్పీకర్ పెట్టెలో) ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5,000 హెర్ట్జ్ దాటాక ధ్వనిని బాగా తగ్గించివేస్తుంది. మన చెవికి తెలిసిన డిస్టార్షన్ అంతా ఆ స్పీకర్ వడగట్టినదే. ఆంప్ ప్లగిన్ తరువాత క్యాబినెట్ లేకపోతే వడపోయని ధ్వని నేరుగా చెవిలో పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో క్యాబినెట్ పని చేసేది ఇంపల్స్ రెస్పాన్స్ అనే చిన్న ఆడియో ఫైలు. ఫలానా స్పీకర్ ముందు ఫలానా చోట మైకు పెడితే ధ్వని ఎలా మారుతుందో ఆ మార్పు తాలూకు అచ్చు అది. షూర్ ఎస్‌ఎం57 మైకును స్పీకర్ నడిబొడ్డుకు ఎదురుగా పెట్టి తీసినదానికీ, అంచు వైపు జరిపి తీసినదానికీ ఉండే తేడా, రెండు ఆంప్‌ల మధ్య తేడా కన్నా చాలాసార్లు ఎక్కువగా ఉంటుంది. ఆంప్‌ను కదపకుండా పది క్యాబినెట్ ఫైళ్లు మార్చి వినండి. ఒకటి మాత్రం జాగ్రత్త: ఆంప్ ప్లగిన్‌లో ఒక క్యాబినెట్ వెలుగుతూ ఉండగా, బయట ఇంకొకటి తగిలిస్తే ధ్వని దుప్పటి కప్పుకున్నట్టు మూగబోతుంది. ఈ పొరపాటు నేను చాలా నెలలు చేశాను.

చివరగా లెవెల్. పికప్ నుంచి వచ్చే ధ్వని స్థాయిని దృష్టిలో పెట్టుకొని ఆంప్ ప్లగిన్లు తయారుచేస్తారు. లైబ్రరీలు మాత్రం అమ్మకానికి పెట్టినవి కాబట్టి గట్టిగా వినిపించేలా ఉంటాయి. గట్టిగా మీటినప్పుడు శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండేటట్టు ఆంప్‌కు ముందే తగ్గించండి. ఆ తరువాత గెయిన్‌ను మీకు బాగుందనిపించిన చోటు నుంచి మూడో వంతు వెనక్కి తిప్పండి. అడుగు స్వరాలు ఇంకా బురదగా ఉంటే, ఆంప్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ రకం పెడల్ ఒకటి పెట్టి, దాని డ్రైవ్‌ను ఇంచుమించు సున్నాకు దించి, లెవెల్‌ను పెంచండి. ఆ పెడల్ 720 హెర్ట్జ్ పరిసరాల నుంచి కిందికి పోయేకొద్దీ ధ్వనిని సన్నగిల్లజేస్తూ, మధ్య భాగాన్ని ముందుకు తోస్తుంది. అడుగు భాగం ఆంప్‌లోకి వెళ్లకముందే పలచబడుతుంది కాబట్టి నరికేటప్పుడు బురద తక్కువ పుడుతుంది. డిస్టార్షన్ అయిపోయాక ఈక్యూతో (పౌనఃపున్యాలను విడిగా పెంచి తగ్గించే సాధనంతో) అడుగు కోస్తే ఇదే ఫలితం రాదు.

ప్రశ్న: పొట్టి చిత్రాలకు నేపథ్య సంగీతం చేస్తుంటాను. క్లీన్ గిటార్ స్ట్రమ్మింగ్ (కార్డ్ తీగలను ఒక్క ఊపులో మీటడం) ఎంత ప్రయత్నించినా పియానో వాయించినట్టే ఉందని దర్శకులు అంటున్నారు. ధ్వని గిటార్‌దే కదా, మరి ఎందుకిలా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దర్శకులు సరిగానే విన్నారు. ధ్వని గిటార్‌ది అయినా, స్వరాల అమరిక పియానోది.

గిటార్‌లో మామూలు ఈ (E) మేజర్ కార్డ్‌ను తీసుకోండి. ఆరు తీగల మీద అడుగు నుంచి పైకి ఈ, బీ, ఈ, జీ షార్ప్, బీ, ఈ వస్తాయి. రెండు స్థాయిల మేర పరుచుకున్న ఈ ఆరు స్వరాలలో షడ్జం మూడుసార్లు, పంచమం రెండుసార్లు, గాంధారం ఒక్కసారి మాత్రమే ఉన్నాయి. అదే కార్డ్‌ను మీరు కీబోర్డు మీద కుడిచేత్తో మూడు దగ్గరి స్వరాలుగా పట్టి, ఎడమచేత్తో అడుగు షడ్జం వేసి ఉంటారు. స్వరాల పేర్లు అవే, బరువులు వేరు. గిటార్ కార్డ్ పటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పటంలో ఏ తీగ మీద ఏ స్వరం పడుతుందో చూసి, అదే అమరికను మిడిలో (ఏ స్వరాన్ని ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కారో రాసుకొనే డిజిటల్ పద్ధతిలో) వేయండి. అప్పుడు సీ మేజర్‌లో అయిదు తీగలే మోగుతాయనీ, డీ మేజర్‌లో నాలుగే మోగుతాయనీ తెలుస్తుంది. ఒక తీగ మీద ఒక సమయంలో ఒక్క స్వరమే మోగగలదు, పట్టిన చేయి నాలుగైదు మెట్ల మేర మాత్రమే చాచగలదు. ఈ రెండు హద్దులు దాటిన కార్డ్ ఎంత మంచి లైబ్రరీలోనైనా గిటార్‌లా వినిపించదు.

అడుగు హద్దు కూడా ఉంది. మామూలు శ్రుతిలో గిటార్ అన్నిటికన్నా కింది తీగ 82.4 హెర్ట్జ్, మిడి లెక్కలో 40వ నంబరు. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని ఈ2 అంటాయి, కొన్ని ఈ1 అంటాయి కాబట్టి నంబరునే నమ్ముకోండి. 40 కన్నా కిందికి మీరు నొక్కినవి చాలా లైబ్రరీలలో స్వరాలు కావు. పామ్ మ్యూట్, హార్మోనిక్, స్లైడ్ వంటి పద్ధతులను మార్చే కీస్విచ్‌లు. ఎడమచేతి బేస్ అలవాటు ఉన్నవారికి పాట మధ్యలో గిటార్ ఉన్నట్టుండి గొంతు నొక్కినట్టు మారిపోవడం ఇందువల్లే.

ఇక మీటే చేయి. ఆరు తీగలూ ఒకే క్షణంలో మోగవు. పిక్ (మీటే చిన్న బిళ్ల) తీగల మీదుగా కిందికి జారుతుంది కాబట్టి కింది స్థాయి తీగ ముందు, పై స్థాయి తీగ చివర మోగుతాయి. చురుకైన స్ట్రోక్‌లో మొదటి తీగకూ చివరి తీగకూ మధ్య 20 నుంచి 30 మిల్లీసెకన్లు, తీరికగా మీటినప్పుడు అంతకు రెట్టింపు ఉండవచ్చు. పైకి లాగే స్ట్రోక్‌లో క్రమం తిరగబడుతుంది. అంతేకాక చేయి సాధారణంగా పైస్థాయి మూడు నాలుగు తీగలనే తాకి వెళ్లిపోతుంది. చాలామంది ఈ రెండో సంగతి మరిచిపోయి, పైకీ కిందికీ ఆరు స్వరాలూ నింపుతారు. అలాగే కుడిచేయి ఎప్పుడూ ఊగుతూనే ఉంటుందని గుర్తుంచుకోండి: నిమిషానికి 120 దెబ్బల లయలో, ఎనిమిదో వంతు స్వరాల స్ట్రమ్మింగ్‌లో దెబ్బ మీద కిందికి, 250 మిల్లీసెకన్ల తరువాత దెబ్బల నడుమ పైకి వెళుతుంది. తీగలను తాకకుండా గాలిలో ఊగిన స్ట్రోక్‌లు కూడా ఈ లెక్కలో ఉంటాయి కనుక, ఒక స్వరాన్ని వదిలేశారని తరువాతి స్ట్రోక్ దిశ మారదు.

వెలాసిటీని (కీ నొక్కిన బలాన్ని) యాదృచ్ఛికంగా చెదరగొట్టే బటన్ ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది. నాకు దాని మీద నమ్మకం లేదు. మనిషి చేయి తడబడటంలో కూడా ఒక క్రమం ఉంటుంది. కిందికి కొట్టింది గట్టిగా, పైకి లాగింది మెత్తగా, కార్డ్ మారే ముందు చివరి స్ట్రోక్ కాస్త హడావుడిగా పడుతుంది. ఆ హడావుడి స్ట్రోక్‌లో చాలాసార్లు ఎడమచేయి అప్పటికే లేచిపోయి, పట్టని తీగలు మోగుతాయి. అక్కడక్కడ అది కూడా వేసి చూడండి. మీ దర్శకుల అభిప్రాయం మారడానికి ఎక్కువ రోజులు పట్టదని నా అంచనా.

ప్రశ్న: పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా వాయిస్తాను. నా పాత కీబోర్డులో డిస్టార్షన్ గిటార్ టోన్ ఉంది. కంప్యూటర్ కొనకుండా దాన్ని బాగుచేసుకొనే మార్గం ఉందా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఉంది. 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణం ప్రకారం 128 టోన్లలో 27 నుంచి 32 వరకు ఎలక్ట్రిక్ గిటార్‌వి. 30 ఓవర్‌డ్రైవ్, 31 డిస్టార్షన్. ఆ రెండింటినీ వదిలేసి 28వ నంబరు, అంటే క్లీన్ ఎలక్ట్రిక్ ఎంచుకోండి. కీబోర్డు రీవెర్బ్, కోరస్ పూర్తిగా ఆపండి. లైన్ అవుట్‌ను వాల్యూమ్ బాగా తగ్గించి, గిటారిస్టులు వాడే మల్టీ ఎఫెక్ట్ పెడల్‌లోకి పంపి, డిస్టార్షన్‌నూ క్యాబినెట్‌నూ అందులో పెట్టండి. పై మొదటి జవాబులో చెప్పిన కలయిక అప్పుడు మీకూ దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్ పెడల్ అయినా సరిపోతుంది గానీ, అందులో క్యాబినెట్ సిమ్యులేషన్ ఉందో లేదో కొనే ముందు చూసుకోండి.

ప్రశ్న: చిన్నప్పుడు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ గిటార్ మీద రాగాల ఆధారంగా లీడ్ వాయించాలని ఉంది. పిచ్ వీల్‌తో (శ్రుతిని పైకీ కిందికీ జరిపే చక్రంతో) గమకం వేస్తే సినిమాల్లో దెయ్యం వచ్చేటప్పటి శబ్దంలా ఉంది. గమకం ఈ సాధనంతో సాధ్యమేనా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: సాధ్యమే. పైగా గిటార్ నేర్చుకున్నవారికి కూడా లేని సౌలభ్యం మీకు ఉంది, వీణ మీద మీరు చేసినదాన్నే ఇక్కడ గుర్తుచేసుకుంటే చాలు.

వీణ తీగను మెట్టు మీద పక్కకు లాగితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే మొదటి చోటికి వస్తుంది. ఎంత లాగినా మెట్టు స్వరం కన్నా కిందికి పోదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగను వంచడం కూడా అచ్చం ఇంతే. పిచ్ వీల్ మాత్రం మధ్యలో స్ప్రింగ్‌తో నిలబడి, పైకీ కిందికీ సమానంగా తిరుగుతుంది. మీరు దాన్ని అటూ ఇటూ ఊపితే స్వరం తన స్థానానికి రెండు వైపులా ఊగుతుంది. అలా ఊగేవి గొంతు, వయొలిన్; మెట్లున్న వాద్యం వేలి లాగుడుతో అలా ఊగదు. మీకు వినిపించిన దెయ్యం అదే. కాబట్టి మొదటి నియమంగా, వీల్‌ను మధ్య నుంచి పైకి మాత్రమే తిప్పండి. వైబ్రాటో కూడా పై సగంలోనే వేయండి. లైబ్రరీలోని మాడ్ వీల్ వైబ్రాటో రెండు వైపులా ఊగేదైతే దాన్ని ఆపేయండి. ట్రెమొలో ఆర్మ్ (తీగల బిగువును సడలించే మీట) ఉన్న గిటార్‌ను అనుకరిస్తున్నప్పుడు మాత్రం కిందికి తిప్పడానికి అనుమతి ఉంటుంది.

రెండో నియమం, గమకాన్ని కింది స్వరం నుంచి కట్టండి. శంకరాభరణంలో నిషాదం షడ్జం వైపు ఊగాలంటే, మిడిలో నిషాదాన్ని మీటి అర్ధస్వరం మేర పైకి లాగి వదలాలి. షడ్జాన్ని మీటి కిందికి దించకూడదు. వినడానికి శ్రుతి ఒకటే అనిపించినా, మీటిన దెబ్బ ఏ స్వరం మీద పడిందో చెవి పసిగడుతుంది. వీల్ పరిధి సాధారణంగా రెండు అర్ధస్వరాలు ఉంటుంది, ఒక లాగుడుకు అది చాలు. సా నుంచి పా వరకు జారు వేయాలంటే వీల్ పరిధిని పెంచకండి. ఒకే శాంపిల్‌ను ఏడు అర్ధస్వరాలు సాగదీస్తే ధ్వని రబ్బరులా మారుతుంది. లైబ్రరీలో స్లైడ్ పద్ధతి ఉంటుంది, దాన్ని వాడండి. వేలు మెట్లు దాటుతున్న చప్పుడు అందులో వినిపిస్తుంది, వీణ మీద జారులో వినిపించినట్టే.

మీటకుండా వేలిని కొట్టి పలికించే స్వరాలకు హ్యామర్ ఆన్ అనీ, వేలు తీస్తూ పలికించేవాటికి పుల్ ఆఫ్ అనీ పేర్లు. ఒక స్వరాన్ని వదలకముందే తరువాతిది నొక్కితే చాలా లైబ్రరీలు దాన్ని ఇలా అర్థం చేసుకుంటాయి. ప్రతి స్వరాన్నీ విడిగా మీటినట్టు వేస్తే ఎంత వేగంగా ఉన్నా టైపు కొట్టినట్టే ఉంటుంది.

ఒక ఇబ్బంది గురించి ముందే చెప్పాలి. ఒక తీగను నిశ్చలంగా ఉంచి, రెండో తీగను లాగి దానితో కలపడం లీడ్ గిటార్‌లో తరచు వస్తుంది. మిడిలో పిచ్ బెండ్ ఒక ఛానెల్ మొత్తానికి వర్తిస్తుంది కాబట్టి రెండు స్వరాలూ కలిసి పైకి పోతాయి. దీనికి విరుగుడుగా తీగకొక ఛానెల్ ఇచ్చే లైబ్రరీ అయినా ఉండాలి, లేదా లైబ్రరీని రెండు ట్రాక్‌ల మీద తెరిచి, లాగే స్వరాన్ని ఒకదానిలో, నిలిచే స్వరాన్ని మరొకదానిలో వేయాలి. అలా చేసినప్పుడు రెండు ట్రాక్‌లకూ విడివిడిగా ఆంప్‌లు పెట్టవద్దు. రెండింటినీ ఒకే బస్‌లోకి (ట్రాక్‌లు కలిసే ఉమ్మడి దారిలోకి) పంపి ఆంప్‌ను ఆ బస్ మీద పెట్టండి. లాగిన స్వరం దగ్గరపడుతున్నకొద్దీ నెమ్మదించే ఆ గుర్రుగుర్రు, రెండు స్వరాలూ ఒకే ఆంప్‌లో కలిస్తేనే, దాని అసలు ముతకదనంతో వినిపిస్తుంది.

గెయిన్ విషయంలో మీరు రాక్ గిటారిస్టులను అనుసరించనవసరం లేదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్ గారు జంట తీగల మాండొలిన్ బదులు అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ ఎంచుకున్నారు. మామూలు మాండొలిన్ స్వరం పుట్టిన వెంటనే ఆరిపోతుంది. ఎలక్ట్రిక్ వాద్యంలో అది గమకం పూర్తయ్యే వరకు నిలబడుతుంది. మీకు ఆంప్ నుంచి కావలసింది కూడా ఆ నిలుపుదలే. డిస్టార్షన్ మొదలయ్యీ మొదలవని చోట గెయిన్ ఉంచి, ముందు ఒక కంప్రెసర్ (గట్టి, మెత్తని ధ్వనుల మధ్య తేడాను తగ్గించే సాధనం) పెట్టండి. గెయిన్ మరీ పెంచితే మీటుకూ లాగుడుకూ మధ్య ఉండే బలం తేడా చదునైపోయి, గమకం గీత గీసినట్టు ఉంటుంది.

ప్రశ్న: కీ నొక్కిన కాసేపటికి ధ్వని వస్తోంది. కొత్త ల్యాప్‌టాప్ కొనాలా? (నెల్లూరు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: ముందు బఫర్ సైజు (కంప్యూటర్ ఒక్కో విడతలో లెక్కించే శాంపిళ్ల సంఖ్య) చూడండి. 48,000 శాంపిల్ రేటులో 1,024 బఫర్ అంటే 21 మిల్లీసెకన్లు; 128కి దించితే 3 కన్నా తక్కువ. వాయించేటప్పుడు తక్కువ పెట్టుకొని, మిక్స్ చేసేటప్పుడు పెంచుకోండి. వాయించేటప్పుడు బరువైన ఆంప్ ప్లగిన్‌ను ఆపి, తేలికపాటిది పెట్టుకోవడం ఇంకో మార్గం. విండోస్ అయితే మీ ఆడియో ఇంటర్‌ఫేస్ తాలూకు ఏషియో (ASIO) డ్రైవర్‌ను, అంటే ఆలస్యాన్ని తగ్గించే డ్రైవర్‌ను, ఎంచుకున్నారో లేదో చూసుకోండి. ఆంప్ కోసం డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. న్యూరల్ ఆంప్ మోడలర్ అనే ఆంప్ ప్లగిన్ ఉచితం, ఓపెన్ సోర్స్ కూడా. ఉన్న డబ్బు లైబ్రరీ మీద పెట్టండి.

ప్రశ్న: రిథమ్ గిటార్ వెడల్పుగా రావాలని ట్రాక్‌ను కాపీ చేసి ఒకటి ఎడమకు, ఒకటి కుడికి జరిపాను. వెడల్పు రాలేదు, గట్టిదనం మాత్రం పెరిగింది. కాపీని 15 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే హెడ్‌ఫోన్‌లో బ్రహ్మాండంగా ఉంది, ఫోన్ స్పీకర్‌లో గిటార్ సగం మాయమైంది. అదీకాక పై స్వరాలు సాగదీసినప్పుడు వెనక ఏదో ఈల వినిపిస్తోంది. (విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఎడమలోనూ కుడిలోనూ అచ్చంగా ఒకే ధ్వని ఉంటే చెవి దాన్ని నట్టనడుమే ఉంచుతుంది. 15 మిల్లీసెకన్లు జరిపినప్పుడు హెడ్‌ఫోన్‌లో రెండు చెవులకూ వేర్వేరు సమయాలలో అందింది కాబట్టి వెడల్పు అనిపించింది. ఫోన్‌లో ఒకే స్పీకర్‌లో రెండూ కలిసేసరికి 33 హెర్ట్జ్ దగ్గర మొదలై ప్రతి 67 హెర్ట్జ్‌కు ఒకసారి అవి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. దువ్వెన పళ్ల మధ్య సందుల్లా మీ గిటార్‌లో ఖాళీలు పడ్డాయి. మన శ్రోతలలో ఎక్కువమంది ఫోన్‌లోనే వింటారు కనుక ఈ చిట్కాను పూర్తిగా వదిలేయండి.

స్టూడియోలో గిటారిస్టు అదే భాగాన్ని రెండుసార్లు వాయిస్తాడు. మీరూ రెండోసారి కీబోర్డు మీద చేత్తోనే వాయించండి. క్వాంటైజ్ చేయకండి (స్వరాలను సాఫ్ట్‌వేర్‌తో లయకు కచ్చితంగా అమర్చకండి), మరీ తప్పిన చోట్ల మాత్రం సరిదిద్దండి. అయినా రెండు ట్రాక్‌లలోనూ ఒకే శాంపిల్ మోగే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించడానికి పాత చిట్కా ఒకటి ఉంది. రెండో ట్రాక్‌లో మిడి స్వరాలన్నిటినీ ఒక అర్ధస్వరం పైకి జరిపి, లైబ్రరీ ట్యూనింగ్‌ను ఒక అర్ధస్వరం దించండి. వినిపించే శ్రుతి మారదు గానీ, ప్రతి స్వరానికీ పక్క మెట్టు శాంపిల్ మోగుతుంది. కీస్విచ్‌లను మాత్రం జరపకండి. వీలైతే రెండో వైపుకు వేరే గిటార్ లైబ్రరీ, వేరే క్యాబినెట్ ఫైలు పెట్టండి. రెండు వైపులూ విడివిడి ఆంప్‌లే ఉండాలి. కలవవలసింది ఒక గిటార్‌లోని తీగలు, ఇద్దరు గిటారిస్టులు కాదు. రెండు ట్రాక్‌లు కలిసేసరికి గరగర దానంతట అదే చిక్కబడుతుంది, కాబట్టి ఒక్కొక్కదానిలో గెయిన్ ఇంకాస్త తగ్గించండి. 80, 100 హెర్ట్జ్ మధ్య ఎక్కడో ఒకచోట అడుగు కోసేస్తే, 41 హెర్ట్జ్ నుంచి మొదలయ్యే బేస్ గిటార్‌కు చోటు దొరుకుతుంది.

మీరు విన్న ఈల ఆంప్ లోపలిది. 44,100 శాంపిల్ రేటులో కంప్యూటర్ 22,050 హెర్ట్జ్ దాటిన ధ్వనిని నిలుపుకోలేదు. డిస్టార్షన్ అంతకన్నా పైన పుట్టించిన హార్మోనిక్స్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి మళ్లి, పాటకు సంబంధం లేని శ్రుతులలో కిందికి వచ్చి పడతాయి. నిర్ధారించుకోవాలంటే పై తీగ మీద ఒక స్వరాన్ని నెమ్మదిగా పైకి లాగండి. స్వరం పైకి పోతుండగా వెనక ఏదో కిందికి దిగుతున్నట్టు వినిపిస్తే అదే. ఆంప్ ప్లగిన్ సెట్టింగ్‌లలో ఓవర్‌శాంప్లింగ్ అని ఉంటుంది, దాన్ని 4 లేదా 8 రెట్లకు పెట్టండి. ప్రాసెసర్‌కు భారమైతే వాయించేటప్పుడు ఆపి, తుది మిక్స్ తీసేటప్పుడు మాత్రం పెట్టుకోండి. ఆ సౌకర్యం లేని ప్లగిన్ అయితే ప్రాజెక్టునే 88,200 లేదా 96,000 శాంపిల్ రేటుకు మార్చి, గిటార్‌ను ఆడియోగా తీసి, తిరిగి అసలు ప్రాజెక్టులోకి తెచ్చుకోవచ్చు.